నాన్న ఇంట్లో నాయనమ్మ వాటా

మా నాన్న 2018 ఆగస్టులో పోయారు. వీలునామా రాయలేదు. ఆ మాట ఎత్తితే చాలు, మనిషి నిక్షేపంలా తిరుగుతుంటే ఏమిటా మాటలని అమ్మ కసురుకునేది. ఆయన పేరున ఉన్న స్థిరాస్తి ఒక్కటే. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణంలో రెండు వందల గజాల స్థలం, అందులో డాబా ఇల్లు. స్థలం 1989లో కొన్నారు. లెక్కల మాస్టారి జీతంలో మిగిలినదానికి పీఎఫ్ అప్పు కలిపి, ఒక ఏడాది గోడలు, మరో ఏడాది కప్పు, ఇంకో ఏడాది గచ్చు చొప్పున కట్టుకున్నారు. తాతల నుంచి వచ్చింది కాదు, అన్నదమ్ముల పంపకంలో వచ్చింది కాదు, పూర్తిగా స్వార్జితం. అందువల్ల ఆ ఇంటికి వారసులెవరన్న ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. అమ్మ, నేను, తమ్ముడు. ఇంకెవరుంటారు?

కాగితాలు కూడా అదే చెప్పాయి. నాన్న పోయిన నెలన్నరకు మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టాం. మా వైపు అందరూ దాన్ని లీగల్ హెయిర్ సర్టిఫికెట్ అనే అంటారు. వీఆర్వో ఇంటికి వచ్చారు. మరణ ధ్రువపత్రం, ఆధార్ కార్డులు, రేషను కార్డు చూశారు. ఇరుగుపొరుగు వాళ్ళను ఇద్దరిని పిలిచి సంతకాలు తీసుకున్నారు. రేషను కార్డులో ఎవరెవరున్నారో వాళ్ళ పేర్లే నివేదికలోకి ఎక్కాయి. పెళ్ళై కార్డులోంచి పోయిన నా పేరును మాత్రం అమ్మ చెప్పి మరీ చేర్పించింది. తహసీల్దారు సంతకంతో వచ్చిన పత్రంలో మూడు పేర్లు: భార్య, కూతురు, కొడుకు.

అప్పటికి నాయనమ్మ బతికే ఉంది. ఊళ్ళో పెదనాన్న దగ్గర ఉండేది, ఆమె పేరు ఆయన రేషను కార్డులో ఉండేది. మా ఇంటి విచారణలో ఆమె ప్రస్తావనే రాలేదు. ఎవరూ అడగలేదు, దరఖాస్తులో అందుకు గడి కూడా లేదు.

ఆ పత్రంతో పనులన్నీ చకచకా జరిగిపోయాయి. అమ్మకు ఫ్యామిలీ పెన్షను వచ్చింది. నామినీ అమ్మే కాబట్టి బ్యాంకు డిపాజిట్లు ఆమె ఖాతాలో పడ్డాయి. మునిసిపాలిటీలో ఇంటి పన్ను పేరు మారింది, కరెంటు మీటరు పేరు మారింది. ఇన్ని చోట్ల చెల్లిన కాగితం చెల్లని చోటు ఒకటుంటుందని ఎవరనుకుంటారు?

2021 మేలో, కోవిడ్ రెండో విడత ముమ్మరంగా ఉన్న రోజుల్లో, నాయనమ్మ ఊళ్ళోనే పోయింది. జ్వరం వచ్చింది, ఆస్పత్రికి తీసుకెళ్ళే పరిస్థితి లేదు. కర్ఫ్యూ ఆంక్షల మధ్య ఊళ్ళో ఉన్న నలుగురే దహనం చేశారు.

2024 వేసవి దాటాక ఇల్లు అమ్మేద్దామనుకున్నాం. అమ్మ హైదరాబాదులో నా దగ్గరే ఉంటోంది, తమ్ముడు బెంగళూరు వదిలి వచ్చేది లేదు. కొనేవారు దొరికారు. ఆయన అక్కడే ఒక కళాశాలలో పని చేస్తారు, మర్యాదస్థుడు. ధర 72 లక్షలకు కుదిరింది. ఐదు లక్షలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నారు. మిగతా మొత్తానికి బ్యాంకు అప్పు. అప్పు ఇచ్చే ముందు బ్యాంకు తన ప్యానెల్ అడ్వొకేట్ చేత లీగల్ ఒపీనియన్ తీసుకుంటుంది. ఆస్తి మీద ముప్పై ఏళ్ళకు పైగా జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, పాత దస్తావేజులైన లింకు డాక్యుమెంట్లు, ప్లాను, పన్ను రసీదులు, మా ఘనమైన మూడు పేర్ల పత్రం, అన్నీ ఫైల్లో పెట్టుకుని ఆయన ఆఫీసుకు వెళ్ళాను.

ఆయన కాగితాలన్నీ ఓపికగా తిరగేసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఒకే మాట అడిగారు.

"నాన్నగారు పోయేనాటికి ఆయన తల్లి ఉన్నారా అమ్మా?"

ఉంది, 2021లో పోయిందని చెప్పాను. ఆయన నా ఈసీ ప్రతిని బోర్లా తిప్పి, వెనక ఖాళీలో పెన్సిలుతో ఒక గీత గీశారు. గీతకు పైన నాయనమ్మ, కింద నాన్న, ఆ కింద మేము. తర్వాత పక్కకు మూడు కొమ్మలు లాగి "వీళ్ళెవరు చెప్పండి" అన్నారు. పెదనాన్న, పెద్దత్త, చిన్నత్త.

హిందూ వారసత్వ చట్టం 1956 నాటిది. మగవాడు వీలునామా లేకుండా పోతే ఆస్తి మొదట ఒకటో తరగతి వారసులకు చెందుతుంది. ఆ జాబితాలో భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు తల్లి కూడా ఉంది. అందరికీ సమాన వాటాలు. విచిత్రమేమిటంటే తండ్రి ఆ తరగతిలో లేడు, రెండో తరగతిలో ఉన్నాడు. మా తాత బతికి ఉండి ఉంటే ఆయనకు చిల్లిగవ్వ రాదు. నాయనమ్మ ఉంది కాబట్టి నాన్న కన్నుమూసిన క్షణమే ఇంట్లో నాలుగో వంతు ఆమెదైపోయింది. ఆమెకు ఆ సంగతి తెలియదు, మాకూ తెలియదు. తెలియకపోయినంత మాత్రాన హక్కు ఆగదు.

సరే, ఆమె కూడా పోయింది కదా, ఆ నాలుగో వంతు తిరిగి మాకే వస్తుందిగా అన్నాను. అక్కడే ఉంది అసలు చిక్కు. స్త్రీ పోతే ఆమె ఆస్తి ఎవరికన్నది అదే చట్టంలో వేరే సెక్షను, పదిహేనోది. మొదటి వరుసలో భర్త, కొడుకులు, కూతుళ్ళు, ముందే పోయిన కొడుకు లేదా కూతురి పిల్లలు. ముందే పోయిన కొడుకు భార్య అందులో లేదు. అంటే నాయనమ్మ పావు భాగం నాలుగు శాఖలకు చీలుతుంది: పెదనాన్నకు పదహారో వంతు, ఇద్దరు అత్తలకు చెరో పదహారో వంతు, నాన్న శాఖకు రావలసిన పదహారో వంతు నాకూ తమ్ముడికీ చెరిసగం. అమ్మకు ఏమీ లేదు.

అడ్వొకేట్ గారు మొత్తాన్ని ముప్పై రెండు భాగాలు చేసి చూపించారు. నాకు తొమ్మిది, తమ్ముడికి తొమ్మిది, అమ్మకు ఎనిమిది, పెదనాన్నకూ అత్తలకూ తలా రెండు. కూడి చూసుకున్నాను, ముప్పై రెండు. జీవితమంతా పిల్లలకు భిన్నాలు చెప్పిన మనిషి ఇల్లు చివరికి భిన్నాల్లో తేలింది. ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ ముందు నవ్వింది, నాకంటే మీకే ఎక్కువా అని. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. "నలభై ఏళ్ళు కోడలిగా చేసినదానికి అత్తగారి లెక్కలో నా పేరే లేదా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆ సెక్షను నాకు మింగుడు పడదు. మగవాడి వారసుల జాబితాలో ముందే పోయిన కొడుకు భార్యకు చోటు ఇచ్చిన చట్టమే, స్త్రీ వారసుల దగ్గరికి వచ్చేసరికి కోడలిని వదిలేసింది.

ఇదంతా హిందువులకు. మా పక్కింటివాళ్ళు క్రైస్తవులు. వాళ్ళకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు, పిల్లలుంటే తల్లికి రాదు. ఒకే వీధిలో, ఒకే గోడకు అటూ ఇటూ, అచ్చం ఒకలాంటి ఇళ్ళకు రెండు రకాల లెక్కలు.

మొత్తానికి మా తహసీల్దారు పత్రం కుటుంబ సభ్యులెవరో చెబుతుంది తప్ప ఆస్తి ఎవరిదో తేల్చదు. పన్ను రసీదు కూడా అంతే. పెన్షను ఆఫీసుకు ఆ తేడాతో పని లేదు, లక్షలు అప్పు ఇచ్చే బ్యాంకుకు ఉంది. ప్యానెల్ అడ్వొకేట్ రెండు దారులు చెప్పారు. ఒకటి, ఆ ముగ్గురూ మాతో పాటు అమ్మకందారులుగా విక్రయ దస్తావేజులోనే సంతకాలు పెట్టడం. రెండు, ముందుగా వాళ్ళు తమ వాటాలను మా పేర విడుదల చేస్తూ రిలీజ్ డీడ్ రిజిస్టరు చేయించడం, తర్వాత మేము ముగ్గురమే అమ్మడం. మొదటి దారిలో ఖర్చు తక్కువ. రెండో దారిలో విడుదల చేసిన వాటా విలువ మీద స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను రుసుము అదనం. ఏ దారి అయినా ముందు నాయనమ్మ మరణ ధ్రువపత్రం, ఆమెకు వారసులెవరో చెప్పే కుటుంబ సభ్యుల పత్రం కావాలి.

ఆ మరణ ధ్రువపత్రం కోసం తిరిగిన తిరుగుడు ఇంకెవరికీ వద్దు. కోవిడ్ గందరగోళంలో ఎవరూ నమోదు చేయించలేదు. పంచాయతీ మరణాల రిజిస్టరులో ఆమె పేరు లేదు. ఆమె వృద్ధాప్య పింఛను మాత్రం ఆ మరుసటి నెలలోనే ఆపేశారు! డబ్బు ఆపే విషయంలో ఆమె చనిపోయిందని ప్రభుత్వానికి తెలుసు, పత్రం ఇచ్చే విషయంలో తెలియదు. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఏడాది దాటితే పంచాయతీ స్థాయిలో నమోదు చేయరు, పై అధికారి ఉత్తర్వు కావాలి. మా దగ్గర అది ఆర్డీవో. ముందు పంచాయతీ నుంచి "రిజిస్టరులో నమోదు లేదు" అన్న పత్రం తీసుకోవాలి. దానికి అఫిడవిట్, దహనానికి వచ్చిన ఇద్దరి సాక్ష్యాలు, ఆధార్ నకలు జత చేయాలి. మళ్ళీ తహసీల్దారు విచారణ, ఆ నివేదిక డివిజనల్ ఆఫీసుకు. పింఛను జాబితాలోంచి పేరు తీసేసిన కాగితాన్నే మేము గట్టి ఆధారంగా పెట్టాం, అదే పనికొచ్చింది.

మధ్యలో పేరు తంటా ఒకటి. ఆధార్‌లో ఆమె ఇంటిపేరు అత్తింటిది, పట్టాదారు పాసు పుస్తకంలో పుట్టింటిది. ఇద్దరూ ఒకరేనని మరో అఫిడవిట్. పాసు పుస్తకం ఎందుకు వచ్చిందో ఇప్పుడు చెబుతాను. అసలు గొడవ దాని దగ్గరే మొదలైంది.

పెదనాన్న దగ్గరికి నేనూ తమ్ముడూ కలిసి వెళ్ళాం. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. విషయమంతా విన్నాక ఆయన మొహం ఎర్రబడింది.

"నాకు వాటా ఉందని చెప్పడానికీ నువ్వే వచ్చావు, అది వద్దని రాసిమ్మనడానికీ నువ్వే వచ్చావు. ఇదేమి మర్యాద అమ్మాయ్? తమ్ముడి ఇంట్లో నేనెప్పుడైనా చెయ్యి చాచానా?"

చాచలేదు, నిజమే. చట్టం అలా ఉంది పెదనాన్నా అంటే, చట్టం సంగతి చట్టం చూసుకుంటుంది, నన్ను ఆఫీసులకు తిప్పకండి అన్నారు. అమ్మకం దస్తావేజులో సంతకం పెట్టడానికి మాత్రం ససేమిరా అన్నారు. "తమ్ముడి ఇల్లు అమ్ముకున్నాడని ఊరంతా అంటుంది. వదులుకుంటున్నానని వేరే కాగితం రాయించు, దాని మీద పెడతాను." దాంతో రెండో దారి ఖాయమైంది. ఖర్చు పెరిగినా ఆయన మాటలో న్యాయం కనిపించింది. అమ్మకందారుగా పేరు ఎక్కడం వేరు, తమ్ముడి పిల్లల కోసం వదులుకున్నవాడిగా ఎక్కడం వేరు. స్టాంపు డ్యూటీ లెక్కకు ఈ తేడా అందదు.

విజయవాడలో ఉన్న పెద్దత్త ఫోనులోనే సరేనంది. "చిన్నన్నయ్య కడుపు కట్టుకుని కట్టిన ఇల్లు. అందులో నాకు చిల్లర కూడా వద్దు, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు." ఆమె వాటా విలువ నాలుగున్నర లక్షలు. నా కళ్ళు చెమర్చాయి. ఆమె ఆగలేదు. "కానీ ఒక్క మాట. మనిషి పోయాక ఆమె ఆస్తికి కూతుళ్ళూ వారసులేనని నువ్వే చెబుతున్నావుగా? మరి అమ్మ పసుపు కుంకుమ పొలం సంగతేమిటి?"

నాయనమ్మకు పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరవై సెంట్లు ఊళ్ళో ఉన్నాయి. పాసు పుస్తకం, వన్‌బీ అనే భూమి రికార్డు ఆమె పేరనే ఉన్నాయి. సాగు ఎప్పటినుంచో పెదనాన్నది. ఆమె పోయాక కూడా ఆయనే చేసుకుంటున్నారు, ఎవరూ అడగలేదు. ఇంటి కోసం నాయనమ్మ వారసుల పత్రం తీస్తే ఆ పత్రమే పొలానికీ వర్తిస్తుంది. పెద్దత్తకు అది ఒక్క క్షణంలో అర్థమైంది.

పెదనాన్న వాదన వేరు. పెద్దత్త పెళ్ళి 1979లో అయింది. "ఎన్టీఆర్ ఆడపిల్లలకు హక్కు ఇచ్చింది 85లో. అంతకు ముందు పెళ్ళైనవాళ్ళకు లేదు. చిన్నదానికైతే ఉంటుందేమో, దీనికి లేదు." ఇది మా వైపు నేటికీ బలంగా ఉన్న నమ్మకం, పూర్తిగా గాలిలోంచి పుట్టింది కూడా కాదు. ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళైన కూతుళ్ళను అది నిజంగానే మినహాయించింది. అయితే ఆ సవరణ సంగతి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు గురించి. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ పెళ్ళి తేదీ మినహాయింపును కూడా తీసేసింది. తల్లికి సొంతంగా ఉన్న ఆస్తికి ఈ తేదీలతో సంబంధమే లేదు. అక్కడ కొడుకు, కూతురు సమానమని 1956 నుంచే ఉంది. పెళ్ళి ఎప్పుడైందన్నది ఎవరూ చూడరు.

ఇది నేను చెబితే పెదనాన్న వినలేదు. గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక న్యాయవాది నాన్న దగ్గర చదువుకున్నారు. ఆవిడ దగ్గరికి పెదనాన్ననూ పెద్దత్తనూ తీసుకెళ్ళాను. ఆవిడ చట్టం పుస్తకం తీయలేదు. పెదనాన్నను ఒకటే అడిగారు: "మీ చెల్లెలు రేపు పొలం పంచమని భాగపరిష్కారం దావా వేస్తే ఇంటి విడుదల మీద సంతకం పెడతారా, ఆపుతారా?" ఆయన మాట్లాడలేదు. "ఆపుతారు. అప్పుడు వీళ్ళ అమ్మకం ఆగుతుంది, బయానా తిరిగి ఇచ్చుకోవాలి. దావా ఎన్నేళ్ళు నడుస్తుందో నేను చెప్పలేను. పదిహేను సెంట్ల కోసం నలుగురు రెండు తరాలు కోర్టుకు రావచ్చు. నాకైతే ఫీజు వస్తుంది." పెదనాన్న నవ్వు ఆపుకోలేకపోయారు. అక్కడితో కొంత మెత్తబడ్డారు.

ఊళ్ళో పెద్దమనుషులు వేరే సలహా ఇచ్చారు. తెల్లకాగితం మీద పారీఖత్తు, అంటే పంపకాల కాగితం, రాసుకోండి, మేము సాక్షి సంతకాలు పెడతాం, రిజిస్ట్రేషను ఖర్చు దండగ అని. లాయరు గారు దాన్ని ముట్టుకోనివ్వలేదు. స్థిరాస్తిని పంచే పత్రాన్ని రిజిస్టరు చేయకపోతే హక్కుకు ఆధారంగా కోర్టు దాన్ని చూడదు, రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషనుకు వెళ్ళినా ఆ కాగితంతో పని జరగదని గట్టిగా చెప్పారు. నాన్న బ్యాంకు డిపాజిట్ల సంగతి కూడా ఆవిడే కదిపారు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, సొంతదారు కాదు, ఆ లెక్కన అందులోనూ నాయనమ్మకు నాలుగో వంతు ఉందని. పెదనాన్న చెయ్యి అడ్డంగా ఊపి, "అది మాస్టారి మందులకే సరిపోలేదు, వదిలెయ్యండి" అన్నారు. అత్తలు కూడా ఆ ఊసు ఎత్తలేదు.

ఒప్పందం ఇలా తేలింది. ఇంట్లో వాటాలను ముగ్గురూ మాకు విడుదల చేస్తారు. పొలంలో నాకూ తమ్ముడికీ రావలసిన పదిహేను సెంట్లు, చిన్నత్త పదిహేను సెంట్లు పెదనాన్నకే వదిలేస్తాం. పెద్దత్త తన పదిహేను తను తీసుకుంటుంది. అందరూ తలూపారు. అమెరికా నుంచి వీడియోలో చిన్నత్త కూడా.

చిన్నత్త డల్లాస్‌లో ఉంటుంది. ఆమె సంతకం కోసమే విడుదల దారి మంచిదని మా ఆడిటర్ మొదటే చెప్పారు. విదేశంలో ఉండే మనిషి అమ్మకందారుగా ఉంటే కొనేవారు ఆమె వాటా మీద ఎక్కువ రేటుతో పన్ను పట్టి కట్టాలి, దానికి అప్పట్లో వేరే నంబరు కూడా తీసుకోవాల్సి వచ్చేది. అప్పు మీద కొనే మనిషిని ఆ బాధలోకి లాగడం బాగుండదు. డబ్బు తీసుకోకుండా విడుదల చేస్తే ఆ గొడవ ఉండదు. ఆమె రాలేదు కాబట్టి పెద్దత్త కొడుకు, మా బావ, పేర పవర్ ఆఫ్ అటార్నీ. హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌కు వెళ్ళవచ్చు, లేదా అక్కడి నోటరీ ముందు సంతకం పెట్టి ఆ నోటరీ సంతకం నిజమైనదేనని టెక్సాస్ రాష్ట్ర కార్యదర్శి కార్యాలయం నుంచి అపోస్టిల్ అనే ధ్రువీకరణ వేయించవచ్చు. ఆమె రెండోది ఎంచుకుంది. తీరా ఆ పత్రం కొరియరులో వచ్చేసరికి పొలం ఒప్పందం తోడైంది. అందులో ఉన్నది ఇంటి విడుదల అధికారం మాత్రమే. పొలం పంపకానికి మరో పత్రం, మరో నోటరీ, మరో అపోస్టిల్. "నా వాటా వదులుకోవడానికి నాకింత ఖర్చా!" అని చిన్నత్త వాపోయింది. ఇండియా చేరిన నాటి నుంచి మూడు నెలల లోపు ఆ పత్రాలకు ఇక్కడి స్టాంపు డ్యూటీ చెల్లించాలి. జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ పని బావ చూసుకున్నాడు.

ఈలోగా అగ్రిమెంటు గడువు దాటిపోయింది. కొనేవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆయన అగ్రిమెంటు వెనక గడువు పొడిగింపు రాసి, రెండు పక్షాలూ సంతకాలు చేద్దామన్నారు. బయానా తిరిగి అడగలేదు. బ్యాంకు మంజూరు లేఖ గడువు కూడా ఆయనే తిరిగి పొడిగించుకున్నారు. ఆ ఓపిక లేకపోతే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఇక పొలం. పెద్దత్త పదిహేను సెంట్లు ఏ వైపు? పొలం పొడవాటి ముక్క, దాని ఒక్క అంచుకే డొంక తగులుతుంది. డొంక వైపు ఇస్తే తన ముక్కకు దారి పోతుందని పెదనాన్న. లోపలి వైపు తీసుకుంటే తనకు దారెక్కడిదని అత్త. హద్దులు కొలవమని ఎఫ్‌లైన్ దరఖాస్తు పెట్టి మండల సర్వేయరును రప్పించాం. ఆయన ఇద్దరి మాటలూ విని, అడ్డంగా కాకుండా నిలువుగా కోద్దామన్నారు. అలా చేస్తే రెండు ముక్కలకూ డొంక తగులుతుంది, అత్త ముక్క సన్నగా ఉంటుంది, అంతే. కొలతలు పూర్తయ్యాక రాళ్ళు పాతుతుంటే అత్త ప్రతి రాయి దగ్గరా నిలబడి ఫోనులో ఫొటో తీసుకుంది. పెదనాన్న దూరంగా గట్టు మీద కూర్చుని, "ఆ రాళ్ళను నేను పీకుతాననుకుంటోంది" అన్నారు తమ్ముడితో. తమ్ముడు ఏమీ అనలేదు, మంచి పని చేశాడు.

ముందు పొలం భాగపరిష్కార దస్తావేజు రిజిస్టరైంది. పెదనాన్న అడిగిన షరతు అది, అత్త అడిగిన షరతు కూడా అదే. ఎవరి భయం వారిది. అదే వారంలో ఇంటి విడుదల దస్తావేజు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర పెదనాన్న వేలిముద్ర యంత్రం మీద పడలేదు. అరవై ఏళ్ళ వ్యవసాయానికి వేళ్ళు అరిగిపోయాయి. ఒక్కో వేలూ తుడిచి, ఒత్తి, చివరికి ఎడమచేతి ఉంగరపు వేలుకు గానీ యంత్రం ఒప్పుకోలేదు. బయటికి వచ్చాక ఆయన అమ్మతో, "ఇప్పటికి తమ్ముడి ఇల్లు తమ్ముడి పిల్లలదైంది" అన్నారు.

విడుదల తర్వాత లెక్క మళ్ళీ మారింది. వచ్చిన ఆరు భాగాలు ముగ్గురికీ తలా రెండు. అమ్మకు పది, మాకు చెరో పదకొండు. బ్యాంకు అదే నిష్పత్తిలో మూడు చెక్కులు కావాలంది. బయానాతో కలిపి అమ్మకు 22.5 లక్షలు, నాకూ తమ్ముడికీ చెరో 24.75 లక్షలు. ఒక్కొక్కరిది యాభై లక్షల లోపే కదా, కొనేవారు ధరలోంచి పట్టి ప్రభుత్వానికి కట్టే ఒక శాతం పన్ను ఉండదనుకున్నాం. 2024 అక్టోబరు నుంచి అమ్మకందారులు ఎంతమంది ఉన్నా మొత్తం ధరనే చూడాలట. కొనేవారు ముగ్గురి వాటాల్లోంచీ ఒక శాతం పట్టి కట్టారు. అది రిటర్నులో సర్దుబాటవుతుంది కాబట్టి బాధ లేదు. 2025 జనవరిలో విక్రయ దస్తావేజు రిజిస్టరైంది. తాళాలు అమ్మ చేతుల మీదుగా ఇప్పించాం.

పెద్దత్త పేర పాసు పుస్తకం రావడానికి ఇంకా సమయం పడుతుందన్నారు. ఆ పదిహేను సెంట్లను ఆమె కౌలుకిచ్చింది పెదనాన్నకే. ఏడాదికి ఇంతని కౌలు కాగితం రాయించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు మాత్రం పెట్టించుకుంది.